ర్యామ్ పెంచాక కంప్యూటర్ ఆగిపోతోంది: తప్పు ర్యామ్‌దా, ఎస్ఎంపీఎస్‌దా?

ప్రశ్న

ఇంటి దగ్గర నుంచే వీడియో ఎడిటింగ్ చేసే ఒక సోదరి, పేరు వేయొద్దంటూ చాలా వివరంగా ఉత్తరం రాశారు. సారాంశం ఇది.

పిల్లల పాఠాల వీడియోలు ఎడిట్ చేసి ఇవ్వడమే ఆవిడ జీవనాధారం. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు, 8 జీబీ చొప్పున రెండు డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు (3200 వేగం), జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్లని రాసి ఉన్న ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె). ఇదీ ఆవిడ డెస్క్‌టాప్. కొన్నేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఈమధ్య 4కే ఫుటేజీ రావడం మొదలయ్యాక టైమ్‌లైన్ (వీడియో ముక్కలను వరసగా పేర్చి ఎడిట్ చేసే పట్టీ) ఆగి ఆగి కదులుతోంది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే 16 జీబీలో 15కి పైగా నిండిపోయి కనిపిస్తోంది.

కొంత డబ్బు కూడబెట్టుకుని ఆవిడ ఒకేరోజు రెండు మార్పులు చేశారు. వేరే కంపెనీ 8 జీబీ స్టిక్కులు రెండు (ఇవి 3600 వేగానివి) కొని ఖాళీగా ఉన్న రెండు స్లాట్లలో పెట్టారు. తెలిసినవాళ్లు వాడిన ఆర్‌టీఎక్స్ 3070 కార్డు తీసుకుని 1650 స్థానంలో బిగించారు. ఆ కార్డుకు 8 పిన్నుల పవర్ సాకెట్లు రెండున్నాయి. ఎస్ఎంపీఎస్ నుంచి అలాంటి కేబుల్ ఒక్కటే వస్తోంది కాబట్టి రెండోదానికి సాటా (హార్డ్ డిస్కులకు కరెంటు ఇచ్చే కనెక్టర్) నుంచి 8 పిన్నులకు మార్చే అడాప్టర్ వాడారు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ను డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేసి, కొత్త స్టిక్కుల డబ్బా మీద ఉన్న 3600నే ఎంచుకున్నారు.

అప్పటినుంచి రెండు రకాల బాధలు. బ్రౌజర్ ఒక్కటే తెరిచి ఉన్నా ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్ వస్తోంది. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అని, మరోసారి ఇంకేదో పేరుతో. రెండోది, రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియో ఫైలుగా తయారుచేయడం) పెట్టిన కాసేపటికి ఏ మెసేజీ లేకుండా మొత్తం టప్పున ఆరిపోతోంది. ఆరిపోయే ముందు కొన్నిసార్లు 600 వీఏ యూపీఎస్ కీచుమని అరుస్తోంది. ఇవి కాక, రెండు ప్రాజెక్టు ఫైళ్లు తెరుచుకోవడం మానేశాయి.

తమ్ముడు "వెయ్యి వాట్ల ఎస్ఎంపీఎస్ వేస్తే అన్నీ సర్దుకుంటాయి" అంటున్నాడు. కలిసి పనిచేసే స్నేహితురాలు "కొత్త ర్యామే దరిద్రం, తీసేయ్" అంటోంది. భర్తేమో "బాగా నడిచేదాన్ని కదిపి చెడగొట్టావు, ఇక మొత్తం కొత్తది కొనడమే" అన్నారట. "ఎవరి మాట వినాలి? పెట్టిన డబ్బంతా వృథాయేనా? పది రోజుల్లో ఇవ్వాల్సిన పని చేతిలో ఉంది. పడుకున్నా టెన్షనే" అని రాశారు. ఎస్ఎంపీఎస్ పక్కన అంటించిన పట్టీలో 12 వోల్టుల దగ్గర 28 ఆంపియర్లు అని ఉందని, పాత ర్యామ్ స్టిక్కులు రెండూ ప్రాసెసర్‌కు దగ్గరి రెండు స్లాట్లలో పక్కపక్కనే ఉండేవని కూడా రాయడం వల్ల నాకు చాలా మేలు జరిగింది. పాత 1650 కార్డు ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.

సమాధానం

అమ్మా, మీరు అడిగినవాటికంటే ముందు అడగని సంగతి ఒకటి చెప్పాలి. ఆ సాటా అడాప్టర్‌ను ఈరోజే తీసేయండి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులు మోసే పిన్నులు మూడే ఉంటాయి. ఒక్కో పిన్ను ఒకటిన్నర ఆంపియర్లకు మించి మోయడానికి తయారైనది కాదు. మూడూ కలిపితే 54 వాట్లు. హార్డ్ డిస్కుకు అది పుష్కలం. 8 పిన్నుల సాకెట్ నుంచి గ్రాఫిక్స్ కార్డు 150 వాట్ల దాకా లాక్కోవచ్చు. అంత కరెంటు ఆ సన్నటి పిన్నుల గుండా వెళ్తే కనెక్టర్ వేడెక్కి కరుగుతుంది, అంటుకునే ప్రమాదం కూడా ఉంది. ఇంతవరకూ ఏమీ కాకపోవడం అదృష్టం. 3070ని తీసి జాగ్రత్తగా పక్కన పెట్టి, ప్రస్తుతానికి 1650నే బిగించండి. మీ పనికి అది నెమ్మదే, కానీ దానితో భయం లేదు.

ఆ వెంటనే చేయాల్సింది ఫైళ్ల సంగతి చూడటం. ర్యామ్‌లో తప్పులు దొర్లుతున్నప్పుడు బ్లూ స్క్రీన్ రావడం ఒకరకంగా మేలే, కనీసం తెలుస్తుంది. తెలియకుండా జరిగేది ఇంకా చెడ్డది: మీరు సేవ్ నొక్కినప్పుడు ర్యామ్‌లో ఉన్న తప్పు డేటాయే డిస్కులోకి వెళ్లిపోతుంది. మీ రెండు ప్రాజెక్టు ఫైళ్లు అలాగే పాడై ఉంటాయని నా అనుమానం. అందుకని ర్యామ్ పరీక్ష పూర్తయ్యేదాకా ముఖ్యమైన ఫైళ్లేవీ తెరిచి సేవ్ చేయకండి. పాత బ్యాకప్ ఉంటే దాని మీద కొత్త కాపీ రాయకండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఆటోసేవ్ ఫోల్డర్‌లో వెనకటి వెర్షన్లు దాచి ఉంచుతాయి. కొత్త ర్యామ్ వేసిన రోజుకు ముందు తేదీ ఉన్న వెర్షన్ దొరికితే ఆ రెండు ప్రాజెక్టులూ చాలావరకు మీ చేతికి తిరిగి వచ్చినట్టే.

ఇక మీ అసలు ప్రశ్న. బాగున్నదాన్ని చెడగొట్టారన్న మాటను నేను ఒప్పుకోను. 16 జీబీ నిండిపోతోందని కళ్లతో చూసి, ర్యామ్ పెంచాలని నిర్ణయించుకున్నారు. 4కే ఎడిటింగ్‌కు 32 జీబీ కోరుకోవడం ఆర్భాటం కాదు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డేటాను డిస్కు మీదికి తోస్తుంది. ఎంత మంచి ఎస్ఎస్‌డీ అయినా ర్యామ్ వేగం ముందు నిలవదు. టైమ్‌లైన్ నత్తనడక నడవడానికి అది బలమైన కారణం. మీ అవసరం సరైనదే, కొన్న వస్తువులూ పనికొచ్చేవే. చిక్కల్లా రెండు మార్పులూ ఒకేరోజు జరగడంతో వచ్చింది. రెండిటి లక్షణాలు కలిసిపోవడం వల్ల ఒక్కొక్కరు ఒక్కో ముక్క పట్టుకుని మీకు సలహా చెబుతున్నారు.

ఆ ముక్కలు విడదీద్దాం. మామూలు పనిలో, బరువేమీ లేని సమయంలో, రకరకాల పేర్లతో బ్లూ స్క్రీన్లు రావడం, ఫైళ్లు పాడవడం: ఇవి ర్యామ్ వైపు వేలు చూపిస్తున్నాయి. బరువైన పని పెట్టినప్పుడు మాత్రమే, మెసేజీ ఏమీ లేకుండా కరెంటు పోయినట్టు ఆరిపోవడం: ఇది కరెంటు వైపు చూపిస్తోంది. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే మీకు కెర్నల్-పవర్ 41 అన్న ఎంట్రీ కనిపించవచ్చు. దాన్ని చూసి ఎస్ఎంపీఎస్ పోయిందని తేల్చేసేవాళ్లు చాలామంది. విండోస్ సక్రమంగా మూసుకోకుండా ఆగిపోయింది అన్నంతవరకే దాని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

కొత్త ర్యామ్ ఎక్కువ కరెంటు తాగేస్తోందేమోనన్న భయం పెట్టుకోకండి. ఒక డీడీఆర్4 స్టిక్ వాడుకునేది మూడు నుంచి ఐదు వాట్లు. రెండు స్టిక్కులు చేర్చినందుకు ఎస్ఎంపీఎస్ మీద పెరిగిన భారం పది వాట్లలోపే. అందుకే వెయ్యి వాట్ల ఎస్ఎంపీఎస్ వేసినా మీ బ్లూ స్క్రీన్లు ఆగవు. కొత్త ర్యామ్ తీసేసినా రెండర్ మధ్యలో ఆరిపోవడం ఆగదు. మీ తమ్ముడు సగం సమస్య గురించి, మీ స్నేహితురాలు మిగతా సగం గురించి మాట్లాడుతున్నారు.

ర్యామ్ సంగతి వివరంగా చెప్పుకుందాం, ఎందుకంటే ఇక్కడ మీరు పైసా ఖర్చు లేకుండా బాగుచేసుకోగలిగింది చాలా ఉంది. స్టిక్ డబ్బా మీద రాసే 3600 లాంటి అంకె ఆ స్టిక్కులను ఒక జతగా, సాధారణంగా 1.35 వోల్టులతో, ఎక్స్ఎంపీ పెట్టి పరీక్షించినప్పటి వేగం. మీరు దాన్ని ఎంచుకున్నప్పుడు బోర్డు నాలుగు స్టిక్కులనూ ఆ వేగంతో నడపడానికి ప్రయత్నించింది. మీ పాత రెండూ 3200 కోసం పరీక్షించినవి. వాటిని వాటి హద్దు దాటించి పరిగెత్తించారన్నమాట. దానికి తోడు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కు రెండు స్టిక్కులను నడపడం తేలిక, నాలుగింటిని నడపడం బరువు. రైజెన్ 3000 ప్రాసెసర్లకు వాటి తయారీదారు ఏఎండీ చెప్పిన హద్దులు ఇవి (స్టిక్ మీది చిప్పులు ఒకే బృందంగా ఉంటే సింగిల్ ర్యాంక్, రెండు బృందాలైతే డ్యూయల్ ర్యాంక్): రెండు స్టిక్కులైతే 3200, నాలుగు సింగిల్ ర్యాంక్ స్టిక్కులైతే 2933, నాలుగు డ్యూయల్ ర్యాంక్ అయితే 2667. అంతకు మించి నడిపేవాళ్లు ఉన్నారు, నడుస్తుంది కూడా. కాకపోతే ఎవరూ హామీ ఇవ్వరు. వేర్వేరు కంపెనీల జతలు కలిసినప్పుడు ఆ అవకాశం ఇంకా తగ్గుతుంది. 3600 దగ్గర మీ కంప్యూటర్ తప్పులు చేయకపోతేనే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం దగ్గరికి వస్తాను. పాత స్టిక్కులు రెండూ ప్రాసెసర్‌కు దగ్గరి రెండు స్లాట్లలో పక్కపక్కనే ఉండేవని రాశారు. ఇలాంటి బోర్డుల్లో స్లాట్లు నాలుగైనా చానళ్లు (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారులు) రెండే. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే మొదటి రెండు స్లాట్లూ ఒక చానల్‌వి, చివరి రెండూ రెండో చానల్‌వి. అంటే ఇన్నేళ్లూ మీ ర్యామ్ ఒక్క చానల్ మీదే నడిచింది, రెండోది ఖాళీగా కూర్చుంది. జోడెడ్లను కట్టాల్సిన బండిని ఒంటెద్దుతో లాగించినట్టు. అంకెల్లో చూడండి: ఒక చానల్ 3200 వేగంతో సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా ఇవ్వగలదు, రెండు చానళ్లైతే 51.2. కంప్యూటర్ కొన్న రోజునే ఎవరో ఒకరు ఆ స్టిక్కులను రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టి ఉంటే మీ పని ఇన్నాళ్లూ మరికాస్త చురుగ్గా సాగేది. సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మెమరీ ట్యాబ్ తెరిస్తే ర్యామ్ ఎన్ని చానళ్లలో నడుస్తోందో కనిపిస్తుంది. స్టిక్కులు జరిపాక ఒకసారి చూసుకోండి.

ఇందువల్ల మీకు ఒక ధైర్యం చెప్పగలను. నాలుగు స్టిక్కులనూ 3600 వదిలేసి 2666 దగ్గర నడిపినా, రెండు చానళ్లూ కలిపి సెకనుకు 42.7 జీబీ దాకా వస్తుంది. ఇన్నేళ్లూ మీకు అందినదానికంటే అది చాలా ఎక్కువ. వేగం తగ్గిస్తే డబ్బు పోయినట్టు అనిపించవచ్చు, కానీ మీ పనికి కావలసింది ముందు జాగా, తర్వాత నమ్మకంగా నడవడం, ఆ తర్వాతే వేగం.

ర్యామ్ విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, నాలుగూ ఉంచుకుని వేగం తగ్గించడం. పాత జతను ఒకటి, మూడు స్లాట్లలోనూ, కొత్త జతను రెండు, నాలుగు స్లాట్లలోనూ పెట్టండి. అప్పుడు ప్రతి జతలోనూ ఒక్కో స్టిక్ ఒక్కో చానల్‌కు వస్తుంది. బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆపేయండి. అప్పుడు స్టిక్కులు 1.2 వోల్టులతో వాటి మామూలు వేగానికి, తరచూ 2133కో 2666కో, దిగుతాయి. మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత పరీక్షను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, కంప్యూటర్‌ను దానితో స్టార్ట్ చేసి రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు కనిపించినా ఫెయిలే, "ఒక్కటేగా" అనుకోవద్దు. తప్పు రాకపోతే 2666, ఆ తర్వాత 2933 పెట్టి ప్రతిసారీ మళ్లీ పరీక్షించండి. తప్పు వచ్చిన చోటు నుంచి ఒక మెట్టు దిగి స్థిరపడండి. ఈ దారిలో డబ్బు ఖర్చు లేదు, కొన్ని రాత్రుల పరీక్ష మాత్రం ఉంది. అంతా చేశాక కూడా రెండు జతలూ పొసగకపోవచ్చు. అది ముందే తెలుసుకుని మొదలుపెట్టండి.

రెండోది, రెండు జతలనూ అమ్మేసి 16 జీబీ స్టిక్కులు రెండున్న ఒకే కిట్ తీసుకోవడం. మెమరీ కంట్రోలర్‌కు తేలిక, కంపెనీ ఒక జతగా పరీక్షించి పంపుతుంది, 3200 దగ్గర నిశ్చింతగా నడుస్తుంది. మీ బోర్డు తయారీదారు సైటులో ఏయే ర్యామ్ దానితో పరీక్షించారో జాబితా ఉంటుంది. కొనేముందు అందులో చూసుకోవడం మంచిది. డబ్బు ఖర్చవుతుంది, పాతవి అమ్మితే కొంత వెనక్కి వస్తుంది. మొదటి దారి పొసగకపోతే దీనికి వెళ్లమంటాను. ఒక్కమాట మాత్రం గుర్తుంచుకోండి: ఉన్నవాటికి ఇంకో కొత్త జత చేర్చి సరిపెట్టుకునే ప్రయత్నం మళ్లీ వద్దు. అదే కంపెనీ, అదే మోడల్ అయినా లోపలి చిప్పులు మారిపోతూ ఉంటాయి.

మూడోది, మీ స్నేహితురాలు చెప్పినట్టు కొత్త జత తీసేసి పాత 16 జీబీతో, కానీ సరైన స్లాట్లలో, కొనసాగడం. శాశ్వతంగా అయితే మీ అవసరం తీరదు. చేతిలో ఉన్న పని ముగించేదాకా మాత్రం ఇదే అన్నిటికంటే క్షేమం.

కరెంటు విషయానికొస్తే, ఇక్కడ పరీక్ష అవసరం లేదు, లెక్క చాలు. మీ ఎస్ఎంపీఎస్ పట్టీలో 12 వోల్టులు, 28 ఆంపియర్లు అని ఉంది. 12ను 28తో గుణిస్తే 336 వాట్లు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తమ కరెంటు దాదాపు అంతా తీసుకునేది ఆ 12 వోల్టుల నుంచే. పైన పెద్దక్షరాల్లో కనిపించే 450లో మిగతా భాగం 5, 3.3 వోల్టుల కింద చూపించింది. ఈనాటి కంప్యూటర్లకు దానితో పెద్ద పని లేదు. ఎస్ఎంపీఎస్ కొనేవాళ్లంతా పెద్ద అంకె చూసి తెచ్చుకుంటారు. చూడాల్సింది ఈ చిన్న అంకెను.

ఇప్పుడు ఖర్చు వైపు లెక్క. మీ ప్రాసెసర్ పేరుకు 65 వాట్లదైనా పూర్తి బరువులో 88 దాకా తీసుకుంటుంది. 3070 కార్డుకు 220. బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు, ర్యామ్ కలిపి ఉజ్జాయింపుగా 50 వేసుకోండి. మొత్తం 360 దగ్గర తేలుతుంది. 12 వోల్టుల మీద 336 ఇవ్వగలిగే ఎస్ఎంపీఎస్‌కు, అదీ కొన్నేళ్లు వాడినదానికి, ఇది తలకు మించిన బరువే. పైగా ఈ తరం గ్రాఫిక్స్ కార్డులు కొన్ని మిల్లీసెకన్ల పాటు వాటి సగటును దాటి చాలా పైకి ఎగురుతాయి. ఆ క్షణంలో ఎస్ఎంపీఎస్ తన్ను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మీకు కనిపించే "టప్పున ఆరిపోవడం" చాలామటుకు ఇదే. ఇలా ఒక్కసారిగా ఎగరడం ఎంత పెద్ద సమస్యంటే, 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో ఎస్ఎంపీఎస్‌లు 100 మైక్రోసెకన్ల పాటు తమ సామర్థ్యానికి రెట్టింపు దాకా తట్టుకోవాలన్న నిబంధన చేర్చారు. 1650తో మీకు ఏనాడూ ఇబ్బంది రాకపోవడానికి కారణం అది 75 వాట్ల కార్డు కావడమే.

3070కు దాని తయారీదారు ఎన్విడియా సూచించింది 650 వాట్ల ఎస్ఎంపీఎస్. మొత్తం 360 అయితే 650 ఎందుకన్న ప్రశ్న సహజం. అలా ఒక్కసారిగా ఎగరడానికీ, భాగాలు పాతబడ్డాక తగ్గే శక్తికీ, నాణ్యతలో ఉండే తేడాలకూ కలిపి వదిలిన జాగా అది. మీకు మంచి కంపెనీ 650 వాట్లది చాలు. ఎక్కువ ఏళ్ల వారంటీ ఉన్నది, గ్రాఫిక్స్ కార్డుకు 8 పిన్నుల కేబుళ్లు రెండు విడివిడిగా వచ్చేది చూసుకోండి. ఒకే కేబుల్ చివర రెండు కనెక్టర్లు వేలాడుతుంటే, కార్డులోని ఒక సాకెట్‌కు దాన్నీ, రెండోదానికి వేరే కేబుల్‌నూ పెట్టండి. 80 ప్లస్ గోల్డ్, బ్రాంజ్ అన్న గుర్తులు గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి ఇస్తుందో చెబుతాయి. సగం బరువు దగ్గర బ్రాంజ్‌కు కనీసం 85 శాతం, గోల్డ్‌కు కనీసం 90 శాతం. ఎస్ఎంపీఎస్‌లో ఏ రక్షణలున్నాయో, ఇచ్చే కరెంటు ఎంత నిలకడగా ఉంటుందో ఆ గుర్తు చెప్పదు. కాబట్టి గుర్తు ఒక్కటే చూసి నమ్మేయకండి, ఆ మోడల్‌ను విప్పి పరీక్షించిన రివ్యూ ఒకటైనా చదవండి.

మీ తమ్ముడు చెప్పిన వెయ్యి వాట్లదాని వల్ల నష్టం లేదు, కరెంటు బిల్లు పెరగదు కూడా. ఎస్ఎంపీఎస్ తనను అడిగినంతే ఇస్తుంది. మీ కంప్యూటర్ అడగని వాట్లకు మీరు డబ్బు కట్టినట్టవుతుంది, అంతే. ఆ తేడాను ర్యామ్ కిట్‌కు దాచుకోవడం నయం.

మీరు అంతగా పట్టించుకోని యూపీఎస్ కూడా ఈ కథలో ఉంది. చాలా 600 వీఏ యూపీఎస్‌లు ఇవ్వగలిగింది 360 వాట్లు మాత్రమే. దాని వెనకవైపు రాసి ఉంటుంది, చూడండి. లోపల 360 వాట్లు కావాలంటే, ఎస్ఎంపీఎస్ 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకున్నా, గోడ నుంచి 420కి పైగా లాగాలి. మానిటర్ దానికి అదనం. ఆ కీచుమన్న అరుపు ఓవర్‌లోడ్ హెచ్చరిక అయి ఉండవచ్చు, కొన్నిసార్లు ఆరిపోయింది యూపీఎస్ వల్లే కావచ్చు. ఎస్ఎంపీఎస్ మార్చాక కూడా ఈ చిక్కు అలాగే మిగులుతుంది. కొత్త ఎస్ఎంపీఎస్‌తో తొలి పరీక్షను నేరుగా గోడ సాకెట్ నుంచే చేయండి. అక్కడ రెండర్ పూర్తయ్యి, యూపీఎస్ మీద ఆగిపోతే దోషి ఎవరో తేలిపోతుంది. అప్పుడు వాట్లు చూసుకుని పెద్ద యూపీఎస్ తీసుకోవడం ఒక దారి. తీసుకునేదాకా కంప్యూటర్‌ను గోడకే పెట్టి, పని తరచూ సేవ్ చేసుకోవడం ఇంకో దారి. రెండోదానిలో కరెంటు పోయినప్పుడు అప్పటి పని పోతుంది, అంతవరకూ ఒప్పుకోవాలి.

3070ని సాఫ్ట్‌వేర్‌తో తక్కువ వాట్లకు కట్టడి చేసి పాత ఎస్ఎంపీఎస్‌తోనే నడపొచ్చని మీకు ఎవరైనా చెప్పవచ్చు. మంచి ఎస్ఎంపీఎస్ ఉన్నవాళ్లకు వేడి తగ్గించుకోవడానికి అది పనికొచ్చే ఉపాయమే. మీకు మాత్రం వద్దంటాను. ఆ కట్టడి విండోస్ లోడయ్యాకగానీ పనిచేయదు, రెండో సాకెట్‌కు సరైన కేబుల్ మీ దగ్గర అసలే లేదు. ఎస్ఎంపీఎస్‌కు డబ్బు పెట్టడం ఇప్పట్లో కుదరకపోతే, 3070ని అమ్మేసి జీటీఎక్స్ 1660 సూపర్ లాంటిది తీసుకోవచ్చు. అది 125 వాట్లది, చాలావరకు 8 పిన్నుల సాకెట్ ఒక్కటే ఉంటుంది, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ చాలని ఎన్విడియాయే చెప్పింది. దానికీ మీ పాత ఎస్ఎంపీఎస్ మీద నాకు పూర్తి నమ్మకం లేదు, కానీ లెక్క సరిపోతుంది. రెండర్ వేగంలో 3070 దగ్గర ఆశించినంత రాదు.

మీవారు చెప్పిన "మొత్తం కొత్తది" గురించి. ఆయన మాటలో చిరాకు కంటే మీ అవస్థ చూడలేకపోవడమే ఎక్కువగా వినిపించింది నాకు. కొత్త తరం బోర్డు తీసుకుంటే డీడీఆర్5 వస్తుంది. మీ డీడీఆర్4 స్టిక్కులు అందులో పట్టవు. పిన్నులు రెండిటికీ 288 అయినా గాడి ఉండే చోటు వేరు. కాబట్టి ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ ఒకేసారి మార్చాలి. 3070, కొత్త ఎస్ఎంపీఎస్ మాత్రం అందులోకి కూడా వస్తాయి. అందుకే ఇప్పుడు ఖర్చు పెట్టేట్టయితే ఎస్ఎంపీఎస్ మీద చేయి కాస్త ధారాళంగా, డీడీఆర్4 ర్యామ్ మీద కాస్త పట్టి ఉంచమంటాను. మీ బి450 బోర్డు పని కూడా ఇంకా అయిపోలేదు, బయోస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5000 ప్రాసెసర్లు ఇందులో పనిచేస్తాయి. ఎప్పటికైనా డీడీఆర్5కు వెళ్తే అక్కడ నాలుగు స్టిక్కుల హద్దు ఇంకా కఠినం. రైజెన్ 7000కు నాలుగు వేస్తే ఏఎండీ చెప్పే వేగం 3600కు పడిపోతుంది. అక్కడ మొదటే రెండు పెద్ద స్టిక్కులు తీసుకోండి. ఈ లెక్కలు ఆయన ముందు పెట్టి ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఎవరి తప్పన్న మాట కంటే ఏది ఎన్నాళ్లు పనికొస్తుందన్న మాట దగ్గర మొదలుపెడితే సంభాషణ తేలికవుతుంది.

ఈ పది రోజులకు నా సలహా: 1650 కార్డు, పాత ర్యామ్ జత రెండు, నాలుగు స్లాట్లలో, ఎక్స్ఎంపీ ఆపేసి. ఒక రాత్రి మెమ్‌టెస్ట్ నడిపి, తప్పుల్లేవని చూసుకున్నాకే పని మొదలుపెట్టండి. 4కే ఫుటేజీకి తక్కువ రిజల్యూషన్ ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం మాత్రమే వాడే తేలికపాటి నకళ్లు) తయారు చేసుకుని వాటి మీద ఎడిట్ చేస్తే 16 జీబీతోనూ నెట్టుకురావచ్చు. చివరి రెండర్‌కు సమయం ఎక్కువ పడుతుంది, కాబట్టి దాన్ని గడువు ముందు రాత్రికి వదిలేయకండి. పని అప్పగించాక ఎస్ఎంపీఎస్, 3070. అది కుదురుకున్నాక నాలుగు స్టిక్కుల ప్రయోగం. ఒక మార్పు నిలదొక్కుకుందని తేలేదాకా ఇంకోదాన్ని ముట్టుకోవద్దు.

ఎస్ఎంపీఎస్ మార్చే రోజున కరెంటు ప్లగ్గు తీసేసి పని చేయండి. కేబుళ్లు ఊడదీసే రకం ఎస్ఎంపీఎస్ అయితే, పాతదాని కేబుల్ ఒక్కటి కూడా కొత్తదానికి వాడకండి. కనెక్టర్ అచ్చంగా పట్టినా, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకో రకంగా ఉంటుంది. తప్పు కేబుల్ ఒక్కటి చాలు, మీ ప్రాజెక్టులున్న డిస్కు కాలిపోవడానికి. పాత ఎస్ఎంపీఎస్‌ను విప్పి చూడాలని తమ్ముడికి అనిపించినా ఆపండి. ప్లగ్గు తీశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది.

ఒకవేళ పాత జత ఒక్కటే ఉన్నప్పుడు, ఎక్స్ఎంపీ లేకుండా కూడా మెమ్‌టెస్ట్ తప్పులు చూపిస్తే, నేను పైన వేసిన అంచనా మారుతుంది. అప్పుడు స్టిక్కులను ఒక్కొక్కటిగా, ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించండి. తప్పు ఒకే స్టిక్‌ను వెంటాడుతుంటే ఆ స్టిక్ పోయింది. ఏ స్టిక్ పెట్టినా ఒక స్లాట్‌లోనే వస్తుంటే అనుమానం బోర్డు మీదికి, ప్రాసెసర్ మీదికి పోతుంది. ఏ స్టిక్ ఏ స్లాట్‌లో ఉన్నప్పుడు ఏం వచ్చిందో కాగితం మీద రాసుకుని నాకు పంపండి, అక్కడి నుంచి కలిసి చూద్దాం.